ఇంటి నీళ్లు, ఇంటివాళ్ల చేతిపని – 3వ పాఠం: చప్పుడు చేయని లీకులు

పోయిన పాఠంలో మీటరు చదవడం నేర్చుకున్నాం. నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే వెయ్యేసి లీటర్లు. ఎర్ర అంకెలు, ఎర్ర ముళ్లు ఆ లోపలి చిల్లర. జలసాథి, అంటే మన ఒడిశా పట్టణాల్లో ఇంటింటికీ తిరిగి మీటరు చూసి నీటి బిల్లు ఇచ్చే మహిళ, బిల్లు చేతికిచ్చినప్పుడు అందులోని రీడింగును మీటరుతో పోల్చి చూడమన్నాను. చూసి ఉంటారనుకుంటాను. ఈ పాఠంలో లీకు వేట మొదలు.

కుళాయిలన్నీ కట్టేసి మీటరు ముల్లు చూడండి, తిరుగుతుంటే లీకు ఉన్నట్టే – ఏ పుస్తకం తెరిచినా కనిపించే సలహా ఇది. 2021 నుంచి ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లు వస్తున్న పూరీలో ఇది చక్కగా పనిచేస్తుంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పూటపూటకు నీళ్లు వదిలే వీధుల్లో మాత్రం దీన్ని నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే. నీళ్లు రాని వేళ మీటరు ఎలాగూ కదలదు. అది కదలలేదు కదా అని మనం నిశ్చింతగా పడుకుంటాం. మేడ మీది ట్యాంకు నుంచి రాత్రంతా జారిపోయే నీటి సంగతి మీటరుకు ఆ వేళ తెలియదు. మర్నాడు సంపు నిండేటప్పుడు ఆ లోటు కూడా కలిసి బిల్లులో చేరుతుంది.

కాబట్టి సంపూ ట్యాంకూ ఉన్న ఇంటిని రెండు భాగాలుగా విడదీసి పరీక్షించాలి. వీధి మీటరు నుంచి సంపు దాకా ఒకటి, మేడ మీది ట్యాంకు నుంచి కుళాయిల దాకా రెండోది. మొదటిదానికి నీళ్లు వచ్చే వేళే కావాలి, రెండోదానికి రాత్రి కావాలి.

మొదటి పరీక్ష చిన్నది. నీళ్లు వదిలాక, వీధి గొట్టం మీద నేరుగా ఉన్న కుళాయిలన్నీ కట్టేయండి. సంపులో బాల్ వాల్వు ఉంటుంది, నీటి మీద తేలే బంతి పైకి లేవగానే ధారను ఆపేది; ఆ బంతిని పైకెత్తి తాడుతో కట్టండి. ఇప్పుడు నీరు లోపలికి పడకూడదు, మీటరు ఆగిపోవాలి. బంతి ఎత్తినా సంపులోకి ధార పడుతూనే ఉంటే తప్పు వాల్వుదే. వాషరు అరిగిందో, కడ్డీ వంగిందో అయి ఉంటుంది. సంపులోకి చుక్క పడకుండానే మీటరు తిరుగుతుంటే గొట్టం నేలలో ఎక్కడో చిల్లిపడింది. దీన్ని వాయిదా వేయకండి. నీళ్లు వదిలినంతసేపూ అదే చిల్లి బయటికి కారుస్తుంది, వదలడం ఆపగానే గొట్టంలో ఒత్తిడి పడిపోయి పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. పచ్చకామెర్లు, విరేచనాలు ఇంట్లోకి వచ్చే దారుల్లో ఇదొకటి. నేలలోని గొట్టం పని నాలుగో పాఠంలో చూద్దాం.

ఇక రెండో పరీక్ష. ఈ పాఠానికి ఇదే ప్రాణం.

పొడవైన వెదురు కర్ర ఒకటి తీసుకుని, కింది నుంచి పై దాకా ఒక పక్కన సుద్దముక్క రుద్దండి. రాత్రి ఇంటిల్లిపాదీ పడుకునే ముందు ట్యాంకు మూత తీసి, కర్రను నిట్టనిలువుగా అడుగు తగిలేదాకా దించి తీయండి. సుద్ద తడిసిన చోట గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఎత్తును టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి, వేళ కూడా రాయండి. తెల్లవారాక, మోటారు వేయకముందే, అదే చోట మళ్లీ కొలవండి. ఈ మధ్యలో ఎవరూ నీళ్లు వాడకూడదు. రాత్రి అవసరానికి స్నానాల గదిలో ఒక బకెట్టు నింపి పెట్టండి, ఫ్లష్ మీట మీద ఒక చీటీ అంటించండి. చీటీ లేకపోతే అర్ధరాత్రి నిద్రమత్తులో ఎవరో ఒకరు మీట నొక్కేస్తారు, మీ లెక్క కాస్తా గంగలో కలుస్తుంది.

సెంటీమీటరు తగ్గితే ఎన్ని లీటర్లు పోయినట్టు? గుండ్రని ట్యాంకయితే చుట్టూ టేపు వేసి చుట్టుకొలత తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 12.57తో భాగించండి. అది ట్యాంకు వైశాల్యం, చదరపు సెంటీమీటర్లలో. మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్క సెంటీమీటరు ఎత్తులో ఎన్ని లీటర్లున్నాయో తెలుస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 330 సెంటీమీటర్లు అనుకుందాం. 330ని 330తో గుణిస్తే 1,08,900. 12.57తో భాగిస్తే సుమారు 8,660. అంటే సెంటీమీటరుకు 8.7 లీటర్లు. ఆరు గంటల్లో మట్టం నాలుగు సెంటీమీటర్లు దిగిందంటే 35 లీటర్లు పోయాయి. రోజుకు 140 లీటర్లు, నెలకు 4,200 లీటర్లు. మన దేశంలో పట్టణ నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రమాణం పెట్టుకున్నారు. నాలుగు సెంటీమీటర్ల తడి గీత వెనక, మీ ఇంట్లో ఉంటూ మీ కంటికి కనిపించని మనిషి ఒకరున్నారన్నమాట.

మట్టం కదలకపోతే అదృష్టవంతులు, ఈ పాఠం మీకు ఇక్కడితో సరి. దిగితే, ఏ దారిన పోతోందో పట్టుకోవాలి. ట్యాంకు కింద వంటింటికీ స్నానాల గదికీ విడివిడిగా గేట్ వాల్వులుంటే పని తేలిక. మర్నాడు రాత్రి ఒకదాన్ని కట్టేసి కొలవండి, ఆ మర్నాడు రెండోదాన్ని. రెండూ కట్టినా మట్టం దిగుతుంటే ట్యాంకుకే చీలిక ఉండవచ్చు, లేదా నీరు మోటారు గొట్టంలోంచి వెనక్కి దిగుతుండవచ్చు. ఈ రెండోది చాలామందికి తట్టదు. మోటారు గొట్టం ట్యాంకులోకి పై నుంచి కాక కింది వైపు నుంచి కలిసినచోట, ఎదురు ప్రవాహాన్ని ఆపే వాల్వు అరిగితే, పైకి ఎక్కించిన నీళ్లు రాత్రంతా మెల్లగా సంపులోకి తిరిగొస్తాయి. ట్యాంకు మట్టంతో పాటు సంపు మట్టం కూడా కొలవండి. ఒకటి దిగి, ఇంకొకటి పెరిగితే దొంగ దొరికినట్టే. ఇందులో నీరు వృథా కాదు కానీ మోటారు ఒకే పనిని రెండుసార్లు చేస్తుంది.

స్నానాల గది దారిలో పోతోందని తేలితే, మొదట అనుమానించాల్సింది కుళాయిని కాదు, ఫ్లష్ ట్యాంకును. కుళాయి కారితే టప్ టప్ మని చెబుతుంది, కింద బకెట్టు పెడతాం, పొద్దున ఆ నీళ్లు తులసికోటకైనా పనికొస్తాయి. సెకనుకొక చుక్క చొప్పున కారినా రోజుకు ఇరవై లీటర్లకు కాస్త పైన, అంతే. ఫ్లష్ ట్యాంకు అడుగు రబ్బరు సరిగా కూర్చోకపోతే నీరు చప్పుడు లేకుండా కమోడు గోడ వెంట పలచటి పొరలా దిగుతుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు జారినా, రోజుకు 144 లీటర్లు. పైన లెక్కలో పోయిన నీళ్లన్నీ ఈ ఒక్క చోటే పోయి ఉండవచ్చు.

దీనికి పరీక్ష ఇంట్లోనే ఉంది. తెల్ల బట్టలకు పెట్టే నీలం ఏదైనా సరే, ఫ్లష్ ట్యాంకు మూత తీసి పది పన్నెండు చుక్కలు వేయండి. అరగంట ఎవరూ ఆ గదిలోకి పోకూడదు. తర్వాత కమోడులో చూడండి. నీలం దిగి ఉంటే అడుగు రబ్బరు కారుతోంది. పసుపు కలిపితే చాలదా అని అడుగుతారు. చాలదు, అది అడుగున పేరుకుంటుంది, పలచటి లీకులో రంగు కనపడదు.

నీలం కనపడితే, ట్యాంకు పక్కనున్న చిన్న వాల్వు తిప్పి నీళ్లు ఆపి, ఒకసారి ఫ్లష్ చేసి ఖాళీ చేయండి. అడుగు రబ్బరును వేలితో తడిమి చూడండి. జిగురుగా, నల్లగా వేలికి అంటుకుంటే దాని ఆయుష్షు తీరింది, కొత్తది వేయాలి. రబ్బరు బాగానే ఉండి, అది కూర్చునే అంచు గరుకుగా తగిలితే అది బోరు నీటి సున్నం. వెనిగరులో తడిపిన గుడ్డను కాసేపు అక్కడ ఉంచి రుద్దితే వస్తుంది. ఇనుప పీచు వాడకండి, గీతలు పడితే ఆ గీతల వెంటే మళ్లీ కారుతుంది. కొత్త రబ్బరు కొనడానికి పోతే పాతదాన్ని చేతిలో పట్టుకుని పోండి. కంపెనీకొక కొలత, నోటితో చెప్పి తెచ్చుకున్నది సరిపోవడం అరుదు.

ఇంకొక రకం లీకులో రబ్బరు నిక్షేపంలా ఉంటుంది, తప్పు ఫ్లష్ ట్యాంకులో తేలే బంతిది. నీటి మట్టం ఎక్కువై, నడుమ నిలువుగా ఉన్న పొంగు గొట్టంలోకి పొర్లుతూ ఉంటుంది. మూత తీసి చూస్తే కళ్లెదుటే కనిపిస్తుంది. మట్టం ఆ గొట్టం అంచుకు ఒక అంగుళం కింద ఆగేటట్టు మర తిప్పాలి. ఇత్తడి కడ్డీ ఉన్న పాత రకమయితే కడ్డీని కొద్దిగా కిందికి వంచితే చాలు.

కుళాయిల సంగతి క్లుప్తంగా చెబుతాను. చాలాసార్లు తిప్పాల్సిన పాత ఇత్తడి కుళాయిలో ఉండేది అరంగుళం వాషరు. గేట్ వాల్వు కట్టి, కుళాయి తెరిచి నీరంతా పోనిచ్చి, పానాతో తల విప్పి, వాషరు మార్చి బిగించడమే. కట్టేటప్పుడు బలమంతా ఉపయోగించే చేతులున్న ఇంట్లో వాషర్లు త్వరగా పోతాయి, ఆ చేతులు ఎవరివో మీకే తెలుసు. పావు వంతు తిప్పితే తెరుచుకునే కొత్త రకంలో వాషరు ఉండదు, లోపలి స్పిండిల్ మొత్తం మార్చాలి. గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప గొట్టాల మరలు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. కదలని మరను మొండిగా తిప్పితే గొట్టం గోడలోనే విరుగుతుంది. అలాంటి చోట ప్లంబరును పిలవండి, అందులో నామోషీ లేదు. దేశమంతటా ప్లంబర్లను పంపే కేంద్రపడ మన ఒడిశాలోనే ఉంది. ఆ జిల్లాలోని పట్టాముండాయిలో ప్లంబింగు కోసమే ప్రభుత్వ సంస్థ నడుస్తోంది.

డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. మీటరు ఉన్న ఇంట్లో నెలకు 4,200 లీటర్లు ఆగితే బిల్లులో నాలుగు కిలోలీటర్ల పైనే తగ్గుతుంది. మీటరు లేక, నెలకు ఇంతని కట్టే ఇంట్లో బిల్లు పైసా కూడా తగ్గదు. కరెంటు మిగులుతుందంటారు కానీ, అన్ని నీళ్లు మేడ మీదికి ఎక్కించడానికి చిన్న మోటారుకు ఒకటి రెండు యూనిట్లే ఖర్చు. ఆ ఇంటివాళ్లకు అసలు లాభం ఏప్రిల్, మే నెలల్లో, ట్యాంకరు పిలవాల్సిన రోజు వెనక్కి జరిగినప్పుడు.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయాల్సినవి: వరుసగా మూడు రాత్రుల ట్యాంకు మట్టాలు, వేళలతో సహా, ఇంట్లో ఉన్న ప్రతి ఫ్లష్ ట్యాంకుకూ నీలం పరీక్ష, సంపు బంతి పైకి కట్టి ఒక పూట మీటరు పరీక్ష. మీటరు ఆగని ఇళ్లవారు, వీధి నుంచి సంపు దాకా గొట్టం ఏ దారిన వస్తుందో ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. గచ్చు మీద ఎప్పుడూ తడిగా ఉండే చోట్లను, గడ్డి మిగతా చోట్లకన్నా పచ్చగా ఉన్న చోట్లను దాని మీద గుర్తు పెట్టండి. నాలుగో పాఠంలో తవ్వకం అక్కడి నుంచే మొదలవుతుంది.