సర్వే నేర్చుకుందాం – 4వ పాఠం: ప్రశ్న రాయడం, అడగడం

పోయిన మూడు పాఠాల్లో ఎవర్ని అడగాలి, ఎంతమందిని అడగాలి, ఏ ఇంటి తలుపు తట్టాలి అన్నవి చూశాం. భీమవరం దగ్గర ఒక మండలాన్ని తీసుకుని, ఓటర్ల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో 400 పేర్లు తీశాం. 400 మందిని అడిగితే వచ్చే అంకె అసలు అంకెకు అటూ ఇటూగా 5 శాతం లోపలే ఉంటుందని, నూటికి 95 సార్లు అలాగే జరుగుతుందని లెక్క కూడా కట్టాం. ఇక కాగితాలు పట్టుకుని బయల్దేరడమే అనిపిస్తుంది. కానీ ఆ కాగితం మీద ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

400 బదులు 1600 మందిని అడిగితే ఆ 5 శాతం రెండున్నరకు దిగుతుంది. ప్రశ్నలోనే వంకర ఉంటే మాత్రం, మండలంలో ఉన్న ప్రతి మనిషినీ అడిగినా ఆ వంకర పిసరంత కూడా తగ్గదు. పైగా ఎక్కువమందిని అడిగాం కదా అన్న ధైర్యంతో తప్పు అంకెను ఇంకా గట్టిగా నమ్ముతాం. అందుకే ఈ పాఠానికి మిగతావాటికంటే ఎక్కువ సమయం ఇవ్వమని అడుగుతున్నాను.

మన విషయం గుర్తుంది కదా: వరి చేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అవుతుంటే ఊళ్లో వాళ్లు ఏమనుకుంటున్నారు? ఇది ఊరిని రెండుగా చీల్చే సంగతి. పొలాన్ని చెరువుకు లీజుకిచ్చిన ఆసామికి వరి కౌలు కంటే ఎక్కువ ముడుతుంది. పక్కనే వరి వేసుకున్నవాడికి ఉప్పు ఊట బెంగ. నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడవాళ్లకు పని దొరకదన్న బాధ. ఇన్ని రకాల మనుషులు జవాబు చెప్పే ప్రశ్న ఎవరి వైపూ మొగ్గకూడదు.

ఇలా రాశామనుకోండి:

"చెరువుల వల్ల మంచినీళ్లు పాడైపోయి, కూలి పనులు కూడా తగ్గిపోతున్నాయని మీరు ఒప్పుకుంటారా?"

చదవడానికి బాగానే ఉంది. కానీ ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. నీళ్లు పాడయ్యాయి గానీ పనులు తగ్గలేదు అనుకునే మనిషి ఏమని చెప్పాలి? చెరువంటే ఏ చెరువో కూడా చెప్పలేదు. డెల్టాలో దాదాపు ప్రతి ఊరికీ కాలువ నీళ్లు నింపుకునే మంచినీళ్ల చెరువు ఒకటి ఉంటుంది. వినేవాళ్లకు ముందుగా అదే తట్టొచ్చు. కాబట్టి "చేపల, రొయ్యల చెరువులు" అని విడమరిచి రాయాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ చివరి మాటలో ఉంది, "ఒప్పుకుంటారా?" అని అడగడంలో. మన గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అతని మాటకు అడ్డు చెప్పడం మర్యాద కాదనుకుంటారు. "ఆయ్, అవునండి" అన్న మాట నోటి చివరే ఉంటుంది. ఒప్పుకోవడం వైపు మొగ్గడం ప్రపంచమంతటా సర్వేలు చేసేవాళ్లకు తెలిసిన సంగతే. ఇక్కడ దానికి మర్యాద కూడా తోడవుతుంది. అనుమానంగా ఉంటే "చేపల, రొయ్యల చెరువుల వల్ల ఊరు బాగుపడిందని ఒప్పుకుంటారా?" అని తిరగేసి అడిగి చూడండి. దానికీ "అవునండి" అనేవాళ్లు ఎదురవుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, మనల్ని గౌరవిస్తున్నారు. వాళ్ల మంచితనాన్ని అభిప్రాయం కింద లెక్క రాసుకుంటే తప్పు మనదే.

దీనికి మందు, రెండు పక్కలనూ ప్రశ్నలోనే పెట్టడం:

"చేపల, రొయ్యల చెరువుల వల్ల ఊరికి మేలు జరిగిందని కొంతమంది అంటున్నారు. నష్టం జరిగిందని కొంతమంది అంటున్నారు. మీకేమనిపిస్తోంది? మేలు ఎక్కువా, నష్టం ఎక్కువా, రెండూ సమానమా, చెప్పలేరా?"

ఇప్పుడు "అవునండి" అని తప్పించుకోవడానికి లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. "చెప్పలేను" అన్నది కూడా జవాబే. దాన్ని తీసేస్తే, అభిప్రాయం లేనివాళ్ల చేత లేని అభిప్రాయం చెప్పించినట్టవుతుంది. అయితే సగం మందికి "మేలు" ముందు, సగం మందికి "నష్టం" ముందు చదవాలి. ఎక్కువమంది చివర విన్నదాన్నే పట్టుకునే అవకాశం ఉంది.

ఒక్క మాట తేడా ఎంత పని చేస్తుందో చూపించిన పాత ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలో డొనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు 1941లో దీన్ని ప్రచురించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే ప్రసంగాలను "నిషేధించాలా?" అని కొంతమందిని, "అనుమతించాలా?" అని మరికొంతమందిని అడిగారు. తర్కం ప్రకారం నిషేధించడమూ, అనుమతించకపోవడమూ ఒకటే. కానీ జవాబుల్లో 20 శాతం దాకా తేడా వచ్చింది. "అనుమతించకూడదు" అనడానికి వెనకాడని చాలామందికి "నిషేధించాలి" అనడానికి నోరు రాలేదు. మన కాగితంలో కూడా "చెరువులను నిషేధించాలా", "కొత్తవాటికి అనుమతి ఇవ్వాలా" అన్నవి ఒకే ప్రశ్న అనుకోకండి.

వరుస గురించి ఒక్క మాట. ముందు మంచినీళ్ల కష్టాల మీద నాలుగు ప్రశ్నలు అడిగి, ఆ తర్వాత చెరువుల మీద అభిప్రాయం అడిగితే ఆ బాధ జవాబులోకి వచ్చేస్తుంది. అందుకే అభిప్రాయం ముందు, వివరాలు తర్వాత.

ఇక వివరాలు. "ఈమధ్య నీళ్లకు ఇబ్బంది పడ్డారా?" అంటే ఈమధ్య అన్నది ఒకరికి వారం, ఒకరికి ఏడాది. "గత పన్నెండు నెలల్లో" అన్నది సర్కారు కాగితానికి బాగుంటుంది గానీ మనిషి జ్ఞాపకం క్యాలెండర్ ప్రకారం నడవదు. ఇక్కడి కాలం సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి), సంక్రాంతి, వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేయడం చుట్టూ తిరుగుతుంది. "పోయిన వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మీ ఇంట్లో తాగడానికి ఏ నీళ్లు వాడారు?" అని అడిగి చూడండి. కుళాయి నీళ్లా, ఊరి చెరువు నీళ్లా, కొన్న టిన్నులా అన్నది తడుముకోకుండా చెబుతారు.

పని గురించి అడగడం ఇంకా కష్టం. నరసాపురం, మొగల్తూరు వైపు ఏ మధ్యాహ్నం వేళైనా వెళ్లండి. గుమ్మంలో కూర్చున్న ఆవిడ చేతిలో సన్నటి సూది, ఒళ్లో తెల్లటి దారపుండ, వేలికి చుట్టుకున్న దారం. తల పైకెత్తి మనతో మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం లేసు అల్లుతూనే ఉంటాయి. "మీరేం పని చేస్తారండి?" అంటే "నాకేం పనండి, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. ఆ లేసు ఏజెంట్ల చేతులు మారి విదేశాలకు పోతుంది. మన కాగితంలో మాత్రం ఆమె "గృహిణి, పని లేదు".

ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. "పని చేస్తారా?" అన్న ప్రశ్న ఎన్ని లక్షల మంది ఆడవాళ్ల శ్రమను లెక్కలోంచి తుడిచేసిందో! జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వేలో దీనికి ఒక దారి చూపించారు. పని చేస్తారా అని అడగకుండా, ముందు రోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి అరగంటకోసారి ఏం చేశారో అడిగారు. మనం అంత చేయలేకపోయినా, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి" అని అడగొచ్చు. లేసూ వస్తుంది, గేదె మేతా వస్తుంది, రొయ్యల షెడ్డులో తలలు ఒలవడానికి వెళ్లిన రెండు పూటలూ వస్తాయి.

ప్రశ్న ఎంత బాగా రాసినా, పక్కన ఎవరున్నారన్నది జవాబును మార్చేస్తుంది. మనం అరుగు మీద కాగితం తీయగానే నలుగురు చేరతారు. కోడల్ని అడిగితే అత్తగారు చెబుతారు, భార్యను అడిగితే భర్త అందుకుంటాడు. "మీ మాట కూడా తర్వాత వింటానండి, చీటీలో ఈవిడ పేరొచ్చింది" అని నవ్వుతూ చెప్పండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడుగుతారు, అదీ ఏకాంతంగా. వేరేవాళ్లు లేకుండా మాట్లాడే వీలు దొరక్కపోతే ఆ భాగాన్నే వదిలేస్తారు. ఒక జవాబు పోతే పోయిందనుకున్నారు గానీ ఆ మనిషిని ఇబ్బందిలో పెట్టలేదు. మనకూ అదే నియమం. కౌలు రైతును భూమి ఆసామి ఎదుట కౌలు సంగతి అడగొద్దు. మనం వెళ్లిపోయాక కూడా అతను ఆ ఊళ్లోనే బతకాలి.

ఏకాంతం దొరికినా నోరు విప్పలేని ప్రశ్నలుంటాయి. ఎన్నికల్లో ఎవరికి వేశారన్నది అలాంటిదే. ఎన్నికల మీద పరిశోధన చేసే లోక్‌నీతి సంస్థ వాళ్లు ఎన్నికల తర్వాత చేసే సర్వేల్లో నమూనా బ్యాలెట్ ఇచ్చి, గుర్తు పెట్టి డబ్బాలో వేయమంటారు. మన సర్వేలో అలాంటి ప్రశ్న ఇది: "మీకిష్టం లేకపోయినా, ఎవరో ఒత్తిడి చేయడం వల్ల పొలాన్ని చెరువుకు ఇచ్చారా?"

దీనికి రూపాయి బిళ్ల చాలు. ఈ ఆలోచనకు 1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు దారి వేశాడు, తర్వాతివాళ్లు సులువు చేశారు. జవాబు చెప్పే మనిషి మనకు కనబడకుండా బిళ్ల ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. "అవును" అన్నది బిళ్ల వల్లో, నిజం వల్లో మనకు తెలియదు, పక్కింటివాళ్లకూ తెలియదు.

లెక్క చూద్దాం. పొలం ఉన్న 400 మందిని అడిగితే 260 మంది "అవును" అన్నారనుకోండి. అందులో సుమారు 200 బిళ్ల చెప్పించినవి. మిగిలిన 60, నిజం చెప్పిన 200 మందిలోవి. అంటే 30 శాతం. ఎవరు చెప్పారో తెలియకుండానే ఊళ్లో ఎంతమందో తెలిసింది. అయితే దీనికి మూల్యం ఉంది. నేరుగా అడిగి 30 శాతం వస్తే అటూ ఇటూ నాలుగున్నర శాతం తేడా ఉండేది, ఈ పద్ధతిలో 9 శాతం దాటుతుంది. కాబట్టి ప్రతి ప్రశ్నకూ బిళ్ల తీయకండి. భయం నిజంగా ఉన్నచోటే వాడండి.

ఈ వారం అభ్యాసం. పైన చెప్పిన మేలు–నష్టం ప్రశ్నను రెండు కాగితాల మీద, వరుస మార్చి రాసుకోండి. లాటరీలో రాని పదిమంది దగ్గరికి వెళ్లండి, అందులో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లుండాలి. మీరెవరో, ఎందుకొచ్చారో, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదనీ ముందే చెప్పండి. ప్రశ్నను రాసింది రాసినట్టు చదవండి, అర్థం కాలేదంటే మీరు వివరించకుండా మళ్లీ అదే చదవండి. జవాబు రాసుకున్నాక, "నేనేం అడిగానో మీ మాటల్లో చెబుతారా?" అనండి. వాళ్లు చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు రాసుకోండి. పదిమందిలో ఇద్దరు ముగ్గురు వేరే ప్రశ్నకు జవాబు చెప్పారని తేలితే, ప్రశ్నను తిరగరాసి ఇంకో పదిమంది దగ్గరికి వెళ్లండి. తాళం వేసి ఉన్న ఇళ్ల సంగతి, గల్ఫ్ వెళ్లినవాళ్ల పేర్లు లాటరీలో వస్తే ఏం చేయాలన్నది 5వ పాఠంలో.