ఎండీసీ వెంట్ నుంచి పోకుండా చూసుకోవడం ఎలా

చౌటుప్పల్, చిట్యాల, జడ్చర్ల పోలేపల్లి వైపు బల్క్‌డ్రగ్ (మందుల ముడిపదార్థాలు చేసే) యూనిట్లలో పనిచేసేవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. వాసన వస్తోందని ఊరివాళ్లు గేటు దగ్గరికి రాగానే వెంట్‌లోంచి, అంటే గ్యాస్ బయటికి పోయే గొట్టంలోంచి, వచ్చేదాన్ని కడిగే స్క్రబ్బర్‌లో ఇంకో డ్రమ్ము కాస్టిక్ సోడా ద్రావణం పోయిస్తారు. హైడ్రోక్లోరిక్ ఆవిరికి, సల్ఫర్ డయాక్సైడ్‌కు కాస్టిక్ మందే. ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), టోలీన్ అనే సాల్వెంట్లు (పదార్థాలను కరిగించే ద్రవాలు) మాత్రం అందులో నిలవవు, ఎలా వచ్చాయో అలాగే పొగగొట్టంలోంచి పోతాయి. వాటిని పట్టేది చల్లదనమే.

ముందు ఎంత పోతోందో లెక్క తేల్చాలి. బ్యాచ్‌కు వేసిన సాల్వెంట్ బరువులోంచి రికవరీలో వచ్చింది, తడి కేకులో (వడకట్టాక మిగిలిన ముద్దలో) ఉన్నది, ఎఫ్లుయెంట్‌లోకి (వ్యర్థజలంలోకి), రెసిడ్యూలోకి (అడుగు మడ్డిలోకి) వెళ్లింది తీసేస్తే మిగిలేదే గాలిపాలైనది. దీనికి ట్యాంకులో కడ్డీ ముంచి మట్టం చూసే డిప్ రాడ్ కొలత పనికిరాదు. 5 కిలోలీటర్ల ఎండీసీ 25 నుంచి 35 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 70 లీటర్లు ఉబ్బుతుంది. పొద్దున ఒక రీడింగ్, మధ్యాహ్నం ఒక రీడింగ్ తీస్తే నష్టమంతా ఆ ఉబ్బులో దాక్కుంటుంది. కాటా మీద తూచాల్సిందే.

ఇక ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చే కండెన్సర్. ఎండీసీ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. వెంట్ నుంచి బయటికొచ్చే గ్యాస్ 30 డిగ్రీలుంటే, రియాక్టర్‌లోకి వదిలే నైట్రోజన్ ఒక్కో ఘనమీటరు తనతో సుమారు 8 కిలోల ఎండీసీ మోసుకుపోగలదు. 5 డిగ్రీలకు దించితే 1.1 కిలో, మైనస్ 10కి దించితే అర కిలో లోపే. మే నెలలో కూలింగ్ టవర్ నీళ్లే 30 డిగ్రీలు దాటుతాయి కాబట్టి ఒక్క కండెన్సర్‌తో ఎండీసీ ఆగుతుందనుకోవడం ఆశే. మొదట కూలింగ్ వాటర్, తర్వాత 5 డిగ్రీల చిల్డ్ వాటర్, చివర బ్రైన్ (సున్నా కిందికి చల్లబరిచిన ఉప్పు ద్రావణం), ఈ వరసలో పెట్టాలి. నైట్రోజన్‌కు రోటామీటర్ (ప్రవాహం కొలిచే మీటరు) బిగించండి. వాల్వు బార్లా తెరిచి వదిలేస్తే పై లెక్క గంటకు ఎన్ని ఘనమీటర్లయితే అన్ని రెట్లవుతుంది.

సున్నా కిందికి దిగితే మరో తలనొప్పి మొదలవుతుంది. గ్యాస్‌లోని తేమ బ్రైన్ కండెన్సర్ ట్యూబుల్లో గడ్డకట్టి దారి మూసేస్తుంది, రియాక్టర్‌లో ప్రెషర్ ఎక్కుతుంది. చిల్డ్ వాటర్ స్టేజి ముందుంటే తేమ చాలావరకు అక్కడే దిగిపోతుంది. బ్రైన్ కండెన్సర్లు రెండు పెట్టి, ఒకటి కరుగుతుండగా రెండోది నడపాలి. రప్చర్ డిస్కు (ప్రెషర్ మితిమీరితే పగిలి దారి ఇచ్చే రేకు) లైను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బ్రైన్ కండెన్సర్ గుండా పోకూడదు.

బోరు నీళ్లు గట్టివైతే ట్యూబుల లోపల సున్నపు పొర కడుతుంది. కండెన్సర్ శుభ్రంగా ఉన్నప్పుడు గ్యాస్ అవుట్‌లెట్‌కు, నీళ్ల ఇన్‌లెట్‌కు మధ్య తేడా ఎంతో లాగ్‌షీట్లో రాసిపెట్టుకోండి. అది 5 డిగ్రీలు పెరిగితే సల్ఫామిక్ యాసిడ్‌తో కడగాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యూబులకు హైడ్రోక్లోరిక్ వాడితే పొరతోపాటు ట్యూబూ పోతుంది.

డ్రమ్ములోంచి వాక్యూమ్‌తో లాగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆవిరంతా నేరుగా వాక్యూమ్ పంపులోకి పోతుంది. డయాఫ్రమ్ పంపు పెట్టి, డిప్ పైపును ద్రవం మట్టం కిందికి దించి, రియాక్టర్ ఆవిరి మళ్లీ ట్యాంకులోకే వచ్చేలా వేపర్ రిటర్న్ లైను వేయండి. టోలీన్ అయితే ఎర్తింగ్ క్లిప్పు పెట్టకుండా డ్రమ్ము మూత తీయవద్దు.

థయోనిల్ క్లోరైడ్ బ్యాచ్ ఉన్న రోజు స్క్రబ్బర్‌కు అసలు పని. యాసిడ్ క్లోరైడ్ చేసేటప్పుడు 119 కిలోల థయోనిల్‌కు 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్, 36.5 కిలోల హైడ్రోక్లోరిక్ వస్తాయి. రెంటినీ పట్టడానికి 120 కిలోల కాస్టిక్ ఖర్చవుతుంది, అంటే కిలోకు కిలో. 48 శాతం లై (కాస్టిక్ ద్రావణం) అయితే 250 కిలోలు. పీహెచ్ 9కి దిగగానే థయోనిల్ వేయడం ఆపి ద్రావణం మార్చాలి. ఇంకా దిగనిస్తే బైసల్ఫైట్ తయారై సల్ఫర్ డయాక్సైడ్ తప్పించుకుంటుంది.

గ్లాండ్ల (పంపు, వాల్వు షాఫ్టు సీళ్లు), ఫ్లాంజీల (పైపు జాయింట్లు) దగ్గర లీకు చూసే చేతి మీటరు విషయంలో ఒక జాగ్రత్త. మామూలు పీఐడీలో (ల్యాంపు కాంతితో ఆవిరిని పసిగట్టే మీటరులో) ఉండే 10.6 ఎలక్ట్రాన్ వోల్ట్ ల్యాంపు టోలీన్‌ను పట్టేస్తుంది కానీ ఎండీసీని, మిథనాల్‌ను చూడలేదు. వాటికి 11.7 ల్యాంపు కావాలి. 10.6 ల్యాంపుతో ఎండీసీ ఫ్లాంజీ దగ్గర సున్నా చూపిస్తే, లీకు లేదని లాగ్‌షీట్లో రాయకండి.