స్విమ్మింగ్ పూల్ పని అయిపోయిందని ఆఖరి చెల్లింపు చేసే ముందు

కాంట్రాక్టర్ "అంతా అయిపోయింది సార్" అనగానే మిగతా డబ్బు చేతిలో పెట్టేయకండి, ఒకసారి ఇచ్చాక ఫోన్ ఎత్తడు.

- నీళ్లు నింపాక బకెట్ పరీక్ష చేయండి. బకెట్లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, లోపల, బయట నీటి మట్టాలకు గీతలు గీసి, పంపు ఆపి 24 గంటలు వదిలేయండి. బకెట్లో కంటే పూల్లో ఎక్కువ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆవిరైపోయిందనే సాకు ఇక చెల్లదు.
- నీటి అంచు టైల్స్ వరస చుట్టూ ఒకే మట్టంలో ఉందా? నీళ్లే చెప్పేస్తాయి, లెవెల్ మీటర్ అక్కర్లేదు.
- గట్టు రాళ్లకూ చుట్టూ ఉన్న ఫ్లోరింగ్‌కూ మధ్య సందులో సిమెంటు కాదు, సాగే సీలెంట్ ఉండాలి. ఇదే అందరూ ఎగ్గొట్టే పని, తర్వాత రాళ్లు పగిలితే తప్పు నేల మీదకు తోసేస్తారు. వాన నీరు కూడా పూల్లోకి కాకుండా బయటికి పోవాలి.
- అడుగు డ్రెయిన్ మూతలు బిగించి ఉన్నాయా, పిల్లలున్న ఇంట్లో ఇది ముందు చూడండి.
- మధ్యలో మార్చిన ప్రతిదీ, రేటుతో సహా, రాతలో ఉండాలి. నేను నోటిమాట నమ్మి లైట్లకు రెండుసార్లు కట్టాను.
- పైపులు పూడ్చకముందు తీసిన ఫొటోలు, పంపు వారంటీ కార్డులు అడిగి తీసుకోండి.