పిల్లల ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూసుకోవడం ఎలా?

మా అమ్మాయికి ఆరేళ్లప్పటి సంగతి. సాయంత్రం బడి సంచి తెరిస్తే నీళ్ల సీసా పొద్దున నింపినది నింపినట్టే ఉండేది. వారం రోజులు ఇదే వరస. కోప్పడ్డాను, బుజ్జగించాను, నీళ్లు తాగకపోతే ఏమవుతుందో కథలు కథలుగా చెప్పాను. చివరికి ఒక రోజు సీసా తన చేతికిచ్చి మూత తీయమన్నాను. మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో పట్టి, పెదవి కొరుక్కుంటూ తిప్పింది. రాలేదు. రోజూ బడిలో అంతేనట. టీచరును అడగడానికి మొహమాటం.

అప్పటి నుంచి ఎవరైనా ‘మా పిల్లాడు నీళ్లు తాగడు’ అంటే ముందు సీసా చూపించమంటాను.

పెద్దవాళ్లకంటే పిల్లలకు ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. పుట్టిన బిడ్డ బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి చెమట, ఆవిరి రూపంలో పోయేదీ ఎక్కువే. నెలల బిడ్డల మూత్రపిండాలకు నీటిని పొదుపు చేసే నేర్పు ఇంకా రాదు. పైగా చంటిబిడ్డ దాహమని చెప్పలేదు, ఆటలో మునిగిన పిల్లవాడికి దాహం వేసిన సంగతే తెలియదు.

1. వయసును బట్టి ఎంత కావాలో తెలుసుకోండి

ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు పట్టకండి. ఎండలు మండుతున్నా సరే. తల్లిపాలలో 87 శాతానికి పైగా నీరే ఉంటుంది. వేడిగా ఉన్న రోజుల్లో ఇంకో రెండుసార్లు పాలిస్తే సరిపోతుంది. విడిగా నీళ్లు పడితే చిన్న పొట్ట వాటితోనే నిండి పాలు తగ్గిపోతాయి, రక్తంలో సోడియం పలచబడి మూర్ఛ కూడా రావచ్చు. డబ్బా పాలు పట్టేవాళ్లు డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ఎక్కువ రోజులు వస్తుందని పలచగా కలిపితే అదే ప్రమాదం.

ఆరు నెలలు దాటి అన్నం మొదలుపెట్టాక ముద్దల మధ్య కొద్దికొద్దిగా నీళ్లు ఇవ్వవచ్చు. ఏడాది నిండేదాకా రోజంతా కలిపి 120 నుంచి 240 మి.లీ. చాలు, ముఖ్యమైన ఆహారం పాలే.

ఆ తర్వాత, అన్ని పానీయాలూ కలిపి ఒకటి నుంచి మూడేళ్ల వాళ్లకు రోజుకు సుమారు 900 మి.లీ., నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 1.2 లీటర్లు, తొమ్మిది నుంచి పదమూడేళ్ల ఆడపిల్లలకు 1.6 లీటర్లు, మగపిల్లలకు 1.8 లీటర్లు అవసరమని పోషకాహార నిపుణుల లెక్క. ఇందులో పాలు కూడా కలిసే ఉంటాయి. ఇవి అంచనాలే. చల్లని రోజున ఇంట్లో బొమ్మలు గీసుకున్న పిల్లకూ, మధ్యాహ్నమంతా బంతి వెంట పరిగెత్తిన పిల్లకూ ఒకే లెక్క కుదరదు.

2. గ్లాసులు కాదు, మూత్రం చూడండి

లోపలికి ఎంత వెళ్లిందో లెక్కపెట్టడం కంటే బయటికి ఎలా వస్తోందో చూడడం తేలిక, నమ్మకం కూడా. లేత గడ్డి రంగులో ఉంటే బాగున్నట్టే. ముదురు పసుపులో, కొద్దిగా వచ్చి, ఘాటైన వాసన వేస్తుంటే నీరు చాలడం లేదు. పొద్దున లేవగానే పోసే మూత్రం అందరికీ కాస్త ముదురుగానే ఉంటుంది, దాన్ని చూసి బెంగపడకండి. విటమిన్ మందులు వాడుతున్నప్పుడు వచ్చే మెరిసే పసుపు రంగునూ లెక్కలోకి తీసుకోవద్దు.

పుట్టిన అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు డయాపర్ తడపాలి. బడికి వెళ్లే పిల్లలకైతే రంగు గమనించడం మీరే నేర్పండి. మా ఇంట్లో అదొక ఆటగా మొదలై, భోజనాల దగ్గర గట్టిగా ప్రకటించే దాకా వెళ్లింది. అది మాన్పించడానికి ఇంకో నెల పట్టింది.

3. తాగడానికి ఉన్న అడ్డంకులు తీసేయండి

ముందు సీసా మూత. పిల్లలు తమ చేతితో తీసి, మళ్లీ పెట్టుకోగలగాలి. కొనే ముందు వాళ్ల చేతికిచ్చి చూడండి. ఇంట్లో అయితే వాళ్లకు అందే ఎత్తులో చిన్న గ్లాసు, నీళ్లు పెట్టండి. ప్రతిసారీ పెద్దవాళ్లను అడగాల్సి వస్తే పిల్లలు దాహాన్ని వాయిదా వేస్తారు.

రెండోది, చాలామంది తల్లిదండ్రులు ఊహించనిది, బడిలో మరుగుదొడ్డి. అది శుభ్రంగా లేకపోయినా, గడియ పడకపోయినా, తరగతి మధ్యలో వెళ్లనివ్వకపోయినా పిల్లలు తెలివిగా నీళ్లు తాగడం మానేస్తారు. ముఖ్యంగా ఆడపిల్లలు. ఇంటికి రాగానే సంచి విసిరేసి బాత్రూములోకి పరుగెడుతున్నారంటే అనుమానించండి. మూత్రం ఆపుకోవడం అలవాటైతే మలబద్ధకం, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వెంట వస్తాయి. ఇక్కడ పిల్లలకు నీతులు చెప్పి లాభం లేదు, బడివాళ్లతో మాట్లాడాలి.

మూడోది సమయం. ‘నీళ్లు తాగు, నీళ్లు తాగు’ అని రోజంతా వెంటపడితే ఆ మాట వాళ్ల చెవికి ఎక్కదు. లేవగానే, ఇంట్లోంచి బయలుదేరే ముందు, బడి నుంచి వచ్చాక, ప్రతి భోజనంతో, ఆటకు ముందు, ఆట తర్వాత. ఇలా ఎప్పుడూ చేసే పనులకు నీళ్లను ముడివేస్తే కొన్నాళ్లకు వాళ్లే అడుగుతారు. వద్దంటే బలవంతంగా మాత్రం పట్టకండి.

4. నీళ్లకు బదులుగా ఏవి పనికొస్తాయి?

దాహానికి నీళ్లు, ఏడాది దాటినవాళ్లకు పాలు. అంతే. పండ్లు, కూరగాయల్లోనూ బోలెడు నీరుంటుంది. పుచ్చకాయలో 90 శాతానికి పైగా, కీరదోసలో 95 శాతం దాకా నీరే. పండ్ల రసం ఏడాది లోపు వద్దు, తర్వాత కూడా కొద్దిగానే. పండు తినడమే మేలు. తియ్యటి కూల్‌డ్రింకులు రోజువారీ దాహానికి కావు. కెఫీన్ ఉన్న ఎనర్జీ డ్రింకులు పిల్లలకు అసలే వద్దు.

5. ఎండలో, ఆటలో

ఆట మొదలవడానికి ముందే తాగించండి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఆడుతున్నంతసేపూ ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మి.లీ. తాగాలన్నది పిల్లల వైద్యుల సలహా. అంటే చిన్న గ్లాసు నుంచి పెద్ద గ్లాసు దాకా. గంటలోపు ఆటకు మామూలు నీళ్లు చాలు. తలనొప్పి, తల తిరగడం, వికారం అంటే వెంటనే ఆట ఆపి నీడకు తీసుకురండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, మనిషిని గుర్తుపట్టకపోయినా అది వడదెబ్బ. తడిబట్టతో తుడుస్తూ, గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు.

6. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే

పిల్లల్లో డీహైడ్రేషన్‌కు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. విరేచనాలతో నీరొక్కటే పోదు, ఉప్పులూ పోతాయి. అందుకే ఉత్త నీళ్లు చాలవు, ఓఆర్‌ఎస్ కావాలి, అంటే కొలత ప్రకారం ఉప్పులు, గ్లూకోజు కలిపిన నీళ్లు. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజు జతగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది. ఆ రెండూ వెళ్తూ నీటిని వెంట లాక్కెళ్తాయి. విరేచనాలు అవుతున్నా ఆ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సరిపోనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఈ ఉప్పు, గ్లూకోజు నీటినే రోగుల బంధువుల చేత తాగించి వేలమందిని కాపాడింది. చేసేది సొంతవాళ్లే, పరికరం గ్లాసూ చెంచా.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని ఉందో చదివి, కాచి చల్లార్చిన శుభ్రమైన నీటిలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. కొన్ని లీటరువి, కొన్ని 200 మి.లీ.వి ఉంటాయి. కొంచెం పొడిని గ్లాసులో ఉజ్జాయింపుగా వేస్తే చిక్కబడినా చేటే, పలచబడినా చేటే. పాలలో, రసంలో కలపకండి, అదనంగా పంచదార వేయకండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఓఆర్‌ఎస్‌లా కనిపించే తియ్యటి పానీయాలూ దుకాణాల్లో దొరుకుతాయి, కాబట్టి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని ఉందో లేదో చూసుకోండి. ప్యాకెట్ దొరకని వేళ లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే. ఉప్పు కొలత తప్పితే ప్రమాదం కనుక ఇది ప్యాకెట్ దొరికేదాకా మాత్రమే.

విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. ఇవ్వాలి.

అసలు చిక్కు వాంతులతో వస్తుంది. మా అబ్బాయికి ఏడాదిన్నరప్పుడు ఒక రాత్రి, దాహంతో ఏడుస్తున్నాడు కదా అని అర గ్లాసు ఒకేసారి తాగించాను. మూడు నిమిషాల్లో అంతా నా భుజం మీదే కక్కేశాడు. మళ్లీ ఇచ్చాను, మళ్లీ అంతే. ఫోనులో డాక్టరు ఒక్కటే అడిగారు: ‘గ్లాసుతోనా, చెంచాతోనా?’ పది నిమిషాలు ఆగి, చెంచాతో మొదలుపెట్టాను. గోడ గడియారం చూస్తూ నిమిషానికి, రెండు నిమిషాలకు ఒక చెంచా. చూడడానికి ఏ మూలకూ చాలదనిపిస్తుంది. కానీ చెంచా అయిదు మి.లీ. అనుకుంటే నిమిషానికి ఒకటి చొప్పున గంటకు 300 మి.లీ. లోపలికి వెళ్తాయి. తెల్లవారుజామున వాడు డయాపర్ తడిపినప్పుడు దాన్ని చేత్తో తూచి చూసుకుని మురిసిపోయాను.

తల్లిపాలు ఆపకండి, తినగలిగితే మామూలు తిండి పెట్టండి. విరేచనాలు కట్టే మందులు సొంతంగా వేయకండి. జింకు మందు 10 నుంచి 14 రోజులు వాడమని డాక్టరు రాస్తే, విరేచనాలు తగ్గిపోయినా పూర్తిగా వాడాలి.

7. ఎప్పుడు ఆగకూడదు?

నోరు, నాలుక ఎండిపోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, చంటిబిడ్డ ఆరు గంటలుగా, పెద్ద పిల్లలు ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం. కళ్లు గుంటలు పడడం, నెలల బిడ్డకు నడినెత్తిన మాడు లోపలికి పోవడం, కాళ్లూ చేతులూ చల్లబడడం. బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి, రెండు సెకన్లు దాటినా మడతలాగే ఉంటే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు. మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతి, ఏది ఇచ్చినా నిలవకపోవడం, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం కానీ వాంతులు కానీ ఉండడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనిద్దామని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లవాడు అంతసేపూ ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయి, పిలిచినా కళ్లు తెరవడం లేదంటే అది నిద్ర అనుకోకండి. బయలుదేరండి. దారిలో స్పృహలో ఉండి మింగగలిగితే చెంచాతో ఓఆర్‌ఎస్ ఇస్తూనే ఉండండి. చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు, ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు అయ్యాయి, ఈ మధ్య తూచిన బరువెంత అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు మొట్టమొదట అడిగేవి అవే, ఆ హడావిడిలో ఏవీ గుర్తుకు రావు.