చార్టర్ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఇలా అడగండి
మా వాడు రెండో తరగతిలోనూ బీ, డీ అక్షరాలు తారుమారు చేసేవాడు. "స్పెషల్ ఎడ్యుకేషన్ (చదువులో ఇబ్బంది పడే పిల్లలకి ప్రత్యేక బోధన) మా దగ్గర లేదండీ" అన్నారు, ఇక్కడ టెక్సస్‌లో మేం చేర్పించిన చార్టర్ స్కూల్‌వాళ్లు. నమ్మి ఆర్నెల్లు పోగొట్టుకున్నాం. మీరు ఆగకండి. చార్టర్ స్కూల్ కూడా ప్రభుత్వ బడే, ఐడియా (IDEA), అంటే వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న అమెరికా కేంద్ర చట్టం, దానికీ వర్తిస్తుంది.

నోటిమాటగా కాదు, ఈమెయిల్‌లో అడగండి: "మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమేమో పూర్తిగా పరీక్షించండి." టెక్సస్‌లో 15 బడి రోజుల్లోపు జవాబివ్వాలి. మీరు ఒప్పుకుని సంతకం చేశాక మామూలుగా 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి. ఆ తేదీల చుట్టూ ఫ్రిజ్ మీది క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను.

రిపోర్టు వచ్చాక బడివాళ్లతో జరిగే మీటింగుకి పిల్లాడి నోటుబుక్కు తీసుకెళ్లండి. ఇంగ్లీషుతో టెన్షన్‌గా ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి, ఖర్చు బడిదే. ఐఈపీ (IEP), అంటే పిల్లాడికోసం బడి రాసే ప్రత్యేక చదువు ప్రణాళిక, నచ్చకపోతే అక్కడికక్కడే ఒప్పుకోకండి, ఇంటికి తెచ్చి చదవండి.