మీడియం ఫార్మాట్‌తో ఆర్కే బీచ్‌కి వెళ్తున్నారా, ఇవి చూస్కోండి

మామూలు 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా అలవాటైనోళ్ళకి మీడియం ఫార్మాట్ కెమెరాలో వేసే వెడల్పాటి 120 రోల్ ఫిల్మ్ కొత్తగానే ఉంటుంది, 6×6 (సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్) లో 12 ఫోటోలే వస్తాయి కాబట్టి తెల్లారగట్లే వెళ్ళి సూర్యుడొచ్చేలోపు ట్రైపాడ్ పెట్టి, వెలుగు కొలిచి రెడీగా ఉండండి. నెగెటివ్ 56×56 మిల్లీమీటర్లు, 24×36 ఉండే 35 ఎంఎం నెగెటివ్‌కి మూడున్నర రెట్లకి పైనే, అందుకే పెద్ద ప్రింట్ వేసినా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద చెట్లు కూడా నీట్‌గా కనిపిస్తాయి, అది చూస్తే ప్రాణం లేచొస్తుంది నాకైతే!

ఇందులో 80 ఎంఎం లెన్సే నార్మల్, ఫోకస్ లోతు (ఒకేసారి షార్ప్‌గా వచ్చే దూరం) తక్కువ, ముందు రాళ్ళూ వెనక కొండా రెండూ షార్ప్‌గా కావాలంటే లెన్స్ రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్ 16 పెట్టి, షట్టర్ స్లో చేసి, కెమెరా కదలకుండా కేబుల్ రిలీజ్‌తో (షట్టర్ బటన్‌కి తగిలించే తీగ) నొక్కండి. ఫిషింగ్ హార్బర్‌లో హడావిడిగా తిరిగే జనాన్ని తియ్యాలంటే మాత్రం 35 ఎంఎం కెమెరాయే మేలు.

ఇంటికొచ్చాక ఉప్పుగాలి తగిలిన కెమెరా బాడీని మెత్తని గుడ్డతో తుడిచి సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి, మన తేమకి లెన్స్‌లో ఫంగస్ పట్టేస్తుంది.