సైరెన్ల కవితలను పోల్చి రాయడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు కవిత్వం చెబుతాను. సైరెన్లంటే గ్రీకు పురాణాల్లో దీవి మీద నుంచి పాటతో నావికులను రప్పించి చంపేవాళ్లు. వాళ్లను పోల్చి రాయమంటే చాలామంది మొదట గ్రీకు కవి హోమర్ కథ, తర్వాత కెనడా కవయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ కవిత సారాంశం రాసి, ‘రెండూ భిన్నమైనవి’ అని ముగిస్తారు. అక్కడ పోలిక ఇంకా మొదలే కాలేదు.

ఒకే ప్రశ్న పట్టుకుని రెండు కవితలూ చదవండి: ఈ పాట వినేవాడికి ఏమిస్తానంటోంది? ఆ మాటల కింద మాత్రమే పెన్సిలుతో గీత గీయండి.

‘ఒడిస్సీ’ 12వ సర్గలో సైరెన్ల పాట ఎనిమిది పంక్తులే. అందులో శృంగారం ఊసే లేదు. ట్రాయ్‌లో జరిగినదంతా తమకు తెలుసనీ, ఆగి విన్నవాడు మరింత తెలిసినవాడై వెళతాడనీ అంటారు. పదేళ్లు ఆ ట్రాయ్ యుద్ధంలో గడిపి ఓడలో ఇంటికి వెళ్తున్న ఒడిస్సియస్‌కు ఇంతకన్నా ఏం కావాలి? ఓడ స్తంభానికి కట్టించుకుని పాట వింటున్న అతడు, తాళ్లు విప్పమని కనుబొమలతో సైగ చేసింది అందుకే. వాళ్ల రూపాన్ని హోమర్ వర్ణించడు. ‘అందగత్తెలైన సైరెన్లు’ అని రాసి ఉంటే కొట్టేయండి. చేపతోక కూడా వద్దు. ప్రాచీన గ్రీకు కుండల మీద వాళ్లది పక్షి శరీరం, ఆడతల.

1974 నాటి ఆట్‌వుడ్ కవితలో సైరెనే మాట్లాడుతుంది. ఈ దీవి, ఈ పక్షివేషం విసుగెత్తాయి, నన్ను కాపాడు, నువ్వొక్కడివే కాపాడగలవు అంటుంది. జాలిపడి దగ్గరికి వెళ్లేసరికి తెలుస్తుంది, ఆ మొరే పాట అని. ఇక్కడ వినేవాడు పాఠకుడే. ‘స్త్రీవాద కవిత’ అని తేల్చేసే ముందు, ఆ వల ఏ పంక్తిలో బిగుసుకుందో చూపించండి.

తెలుగు చదివినవారు పెద్దన ‘మనుచరిత్ర’నూ తీసుకోండి. టీకా తాత్పర్యాలున్న ప్రతి అయితే మేలు. నాది విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నది. వరూధిని అప్సరస, సైరెన్ కాదు. ఆ తేడా మొదటే చెప్పండి. హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడికి ఆమె దగ్గరికి పరిమళమే దారి చూపింది. తీరా వెళ్లి అతడు అడిగింది ఇంటికి దారి. ఆమె అది తప్ప అన్నీ ఇస్తానంది. సైరెన్లు ఎదుటివాడి ఆకలిని పాడారు, వరూధిని తన ఆకలిని చెప్పుకుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన తేడా ఇదే. ఓడ దాటిపోయాక సైరెన్లు ఏమయ్యారో హోమర్ చెప్పలేదు. పెద్దన మాత్రం ప్రవరుడు వెళ్లిపోయాక వరూధిని విరహం దగ్గర ఎంతసేపు నిలిచాడో చూడండి.

రాసేటప్పుడు ఒక్కో పేరాకు ఒక్కో ప్రశ్న: ఎవరు మాట్లాడుతున్నారు, ఏమిస్తామన్నారు, చివరికి బాధ ఎవరిది. ప్రతి పేరాలోనూ అన్ని కవితలూ రావాలి, ప్రతి మాటకూ పంక్తి ఆధారం ఉండాలి. మరో కావ్యం కావాలంటే అపొలోనియస్ ‘ఆర్గొనాటికా’ నాలుగో సర్గ చూడండి. అక్కడ ఆర్గో అనే ఓడలోని గాయకుడు ఆర్ఫియస్ తన వీణతో సైరెన్ల గొంతును ముంచేస్తాడు. అయినా అదే ఓడలోని బూటెస్ సముద్రంలోకి దూకేస్తాడు.